నికెల్ పట్టీ మీద సోల్డర్ ముద్దకట్టి దొర్లిపోతోందా? వేడి పెంచకండి, పైపొర చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: సౌర దీపాల కోసం 18650 సెల్లులతో (గుండ్రని లిథియం సెల్లులు) బ్యాటరీ ప్యాకులు కడుతున్నారు, సెల్లులను కలపడానికి నికెల్ పట్టీ వాడుతున్నారు. రాగి తీగకు, బోర్డుకు చక్కగా పట్టే సోల్డర్ నికెల్ పట్టీ మీద మాత్రం గుండ్రంగా ముద్దకట్టి దొర్లిపోతోంది. సోల్డరింగ్ ఐరన్ వేడిని 450 డిగ్రీల దాకా పెంచారు, ఫ్లక్స్‌గా పసుపు పేస్టు దండిగా పూశారు, ఫలితం లేదు. మొదట కొన్న చుట్టలోని పట్టీకి బాగానే పట్టింది, రెండో చుట్ట దగ్గరే చిక్కు వచ్చింది. థర్మోకోల్ కోసే నిక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన) తీగకు కూడా ఇదే ఇబ్బంది ఎందుకని చివర్లో అడిగారు.

సూటిగా చెబుతాను. లోపం వేడిలో లేదు, పట్టీ పైపొరలో ఉంది. ఐరన్‌ను 350–370 డిగ్రీలకు తగ్గించండి. పట్టీలో సోల్డర్ పడే చోటును 400 నంబరు ఎమెరీ కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, వెంటనే యాక్టివేటెడ్ ఫ్లక్స్ (లోహం మీది ఆక్సైడ్‌ను తొలగించే రసాయనంలో చురుకైన రకం) వేసి ముందు పట్టీకి పలచని సోల్డర్ పూత ఎక్కించండి. తీగ సంగతి ఆ తర్వాత. ఇదంతా పట్టీని సెల్లుకు స్పాట్ వెల్డింగ్ (క్షణకాలం కరెంటుతో చుక్కల్లా అతికించడం) చేయకముందే పూర్తి కావాలి. నిక్రోమ్ తీగకు సోల్డర్ ప్రయత్నమే మానేసి ఇత్తడి స్క్రూ కిందనో క్రింపులోనో బిగించండి. రెండో చుట్ట అసలు నికెల్ కాకపోవచ్చు, నికెల్ పూత వేసిన ఉక్కు కావచ్చు. దాన్ని ఇంట్లోనే తేల్చుకునే పద్ధతులు కింద రాశాను.

నేను ఇరవై రెండేళ్లుగా హైదరాబాదులో కుషాయిగూడ వైపు పవర్ సప్లైలు, బ్యాటరీ ప్యాకులు తయారు చేసే చిన్న యూనిట్లలో పని చేస్తున్నాను. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ మొదటి వారంలో ఈ ప్రశ్నే అడుగుతారు, దాదాపు అందరూ మీరు చేసిన పనే చేస్తారు. సోల్డర్ పట్టలేదంటే వేడి చాలలేదని అనుకోవడం సహజం. రాగి మీద చాలాసార్లు అది నిజం కూడా. నికెల్ దగ్గర ఆ అలవాటే మనల్ని దారి తప్పిస్తుంది.

తామరాకు మీద నీటిబొట్టును గుర్తు చేసుకోండి. నీరు నీరే, ఆకు ఉండేదీ నీటి దగ్గరే, అయినా రెండూ కలవవు, ఎందుకంటే ఆకు పైపొర నీటిని రానివ్వదు. అదే నీటిని శుభ్రమైన గాజు పలక మీద పోస్తే పలచగా పరుచుకుంటుంది. కరిగిన సోల్డర్ కూడా ద్రవమే కదా. లోహం మీద అది పరుచుకోవడాన్ని మేము వెట్టింగ్ అంటాం, అంటే సోల్డర్ లోహాన్ని తడపడం. బొట్టు అంచు లోహాన్ని ఏ కోణంలో తాకుతోందో చూస్తే సగం రోగనిర్ధారణ అయిపోతుంది. అంచు పలచగా వాలి లోహంలోకి జారిపోయినట్టు కనిపిస్తే తడిసింది. బొట్టు లోపలికి ముడుచుకుని, అంచు కింద సన్నని నీడ కనిపిస్తే తడవలేదు, అది ఎంత పెద్ద బొట్టయినా సరే.

చాలామంది సోల్డర్‌ను జిగురులా ఊహించుకుంటారు. జిగురు పైన అంటుకుంటుంది. సోల్డర్ అలా కాదు, అది లోహంతో కలుస్తుంది. సోల్డర్‌లోని తగరం కింది లోహంతో రసాయనికంగా చర్య జరిపి, మధ్యలో కొన్ని మైక్రాన్ల మందం కూడా ఉండని కొత్త పొరను పుట్టిస్తుంది. రాగి అయితే రాగి-తగరం సమ్మేళనం, నికెల్ అయితే ప్రధానంగా మూడు నికెల్ పరమాణువులకు నాలుగు తగరం పరమాణువుల చొప్పున కలిసిన సమ్మేళనం. ఆ పొర పుడితేనే అతుకు. రాగి, తగరం త్వరగా కలుస్తాయి. నికెల్ నెమ్మది. అందుకే రాగి మీద ఒక సెకనులో అయ్యే పని నికెల్ మీద రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. పరిశ్రమలో నికెల్‌ను రాగికీ తగరానికీ మధ్య అడ్డుగోడగా వాడేది కూడా ఈ నెమ్మదితనం కోసమే. బోర్డుల మీద కనిపించే చిన్న సిరామిక్ కెపాసిటర్ల కొసల్లో పైన తగరం, దాని కింద నికెల్ ఉంటాయి.

నెమ్మది అయినా కలుస్తుంది కదా, మరి మీ పట్టీ మీద ఎందుకు కలవలేదు? తగరానికి నికెల్ అందలేదు కాబట్టి. గాలి తగిలిన నికెల్ మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది చాలా పలచన, కానీ గట్టిది, లోహాన్ని వదలదు. నికెల్ తుప్పు పట్టకుండా మెరుస్తూ ఉండటానికి కారణం అదే, సోల్డర్ పట్టకపోవడానికి కారణమూ అదే. తళతళ మెరిసే నికెల్ పూతలైతే మరీ కష్టం. ఆ మెరుపు కోసం పూత తొట్టిలో కలిపే సేంద్రియ పదార్థాల అవశేషాలు పూతలో చిక్కుకుని ఉంటాయి. మెరుపు చూసి శుభ్రంగా ఉందనుకుంటాం. సోల్డరింగ్‌లో మెరుపు శుభ్రతకు గుర్తు కాదు.

ఇక్కడ వేడి పెంచితే ఏమవుతుందో చూడండి. 450 డిగ్రీల దగ్గర మామూలు ఫ్లక్స్‌లో ఉండే రోజిన్ తన పని మొదలుపెట్టేలోపే మాడి నల్లబడుతుంది. ఫ్లక్స్ పోయిన చోట వేడి లోహం గాలికి తెరుచుకుంటుంది, ఆక్సైడ్ ఇంకా మందమవుతుంది. ఐరన్ మొన కూడా నల్లబడి వేడిని అందించడం మానేస్తుంది. మీకు కనిపించే లక్షణం మాత్రం "ఇంకా వేడి చాలడం లేదు" అన్నట్టే ఉంటుంది. మీరు మళ్లీ పెంచుతారు. ఈ గిరగిర నుంచి బయటపడాలంటే మొన పెద్దది వాడండి, వేడి పెద్దది కాదు. నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున్న ఉలి మొన, 60 వాట్ల ఐరన్ ఉంటే 360 డిగ్రీలు నికెల్ పట్టీకి సరిపోతాయి. 25 వాట్ల ఐరన్‌తో 0.15 మిల్లీమీటర్ల విడి పట్టీకి పూత వేయవచ్చు. అదే పట్టీ సెల్లుకు వెల్డ్ అయి ఉంటే ఆ వేడినంతా సెల్లు డబ్బా లాగేసుకుంటుంది. పట్టీని ఇనుప బల్ల మీద పెట్టి చేసినా అంతే. చెక్క ముక్క మీద పెట్టండి.

నా చిన్నప్పుడు మా వీధిలోకి కళాయి వేసేవాళ్లు వచ్చేవారు. ఇత్తడి గిన్నెను ముందు ఇసుకతో బాగా తోమేవారు. కొలిమి మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లేవారు, తెల్లటి పొగ గుప్పున లేచేది. ఆ క్షణంలోనే తగరం రాసి దూది ముద్దతో ఒక్క చుట్టు తిప్పితే గిన్నె లోపలంతా వెండిలా అయ్యేది. నవాసాగరం లేకుండా ఎంత తగరం రాసినా గిన్నెలో ఉండలు కట్టేది తప్ప పరుచుకునేది కాదు. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి అది అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది, ఆ ఆమ్లం గిన్నె మీది ఆక్సైడ్‌ను తినేస్తుంది, కింద తాజా లోహం బయటపడుతుంది. మనం చేస్తున్నది అదే పని. తోమడం, ఫ్లక్స్, పూత: వరుస కూడా అదే. ఇందులో ఏది దాటవేసినా మిగతా రెండూ వృథా.

ఫ్లక్స్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది.

రోజిన్ అనేది పైన్ చెట్ల బంక నుంచి తీసే పదార్థం. కరిగినప్పుడు బలహీనమైన ఆమ్లంలా పని చేస్తుంది. రాగి ఆక్సైడ్‌ను తొలగించడానికి అది చాలు. నికెల్ ఆక్సైడ్‌కు చాలదు. కాబట్టి యాక్టివేటర్, అంటే ఆక్సైడ్‌ను ఇంకా బలంగా తినే పదార్థం, కలిపిన రోజిన్ ఫ్లక్స్ కావాలి. మంచి ఫ్లక్స్ డబ్బా మీద జె-ఎస్‌టీడీ-004 ప్రమాణం ప్రకారం నాలుగు అక్షరాల గుర్తు ఉంటుంది. మొదటి రెండూ పదార్థాన్ని చెబుతాయి: ఆర్‌ఓ అంటే రోజిన్, ఓఆర్ అంటే ఇతర సేంద్రియ పదార్థం, ఐఎన్ అంటే అకర్బన ఆమ్లం లేదా లవణం. మూడో అక్షరం తీవ్రత: ఎల్ తక్కువ, ఎం మధ్యస్థం, హెచ్ ఎక్కువ. చివరి అంకె హాలైడ్ (క్లోరైడ్ లాంటిది) ఉందో లేదో చెబుతుంది. రుద్దిన నికెల్‌కు నేను ఆర్‌ఓఎం1 వాడతాను, తొంభై శాతం పనులు దానితోనే అయిపోతాయి. లొంగని పూతలకు ఓఆర్‌హెచ్1, అంటే నీటితో కడిగే రకం. ఐఎన్‌హెచ్1, అంటే జింక్ క్లోరైడ్ లాంటివి, విడి పట్టీకి తప్ప దేనికీ వాడను.

మీరు వాడిన పసుపు పేస్టు గురించి: డబ్బా మీద ఏముందో రాయని పేస్టులు రెండు జాతులు. కొన్నింటిలో గ్రీజులో కలిపిన రోజిన్ ఉంటుంది, అది నికెల్‌కు పనికిరాదు. కొన్నింటిలో గ్రీజులో కలిపిన జింక్ క్లోరైడ్ ఉంటుంది, అది నికెల్‌కు పట్టుకుంటుంది, ఆ తర్వాత బోర్డును తింటుంది. పేరు ఒకటే, రంగూ ఒకటే. తెలియని పేస్టును బ్యాటరీ దగ్గరికి రానివ్వకండి.

ఇది ఊరికే చెప్పడం లేదు. ఎనిమిదేళ్ల క్రితం మా యూనిట్‌లో ఒక వేసవిలో నలభై ప్యాకులు కట్టాం. పట్టీలు మొండికేస్తుంటే ఒకతను పైపుల పనికి వాడే ఫ్లక్స్ తెచ్చాడు. సోల్డర్ అద్దంలా పట్టింది, అందరం సంతోషించాం. పొడి గుడ్డతో తుడిచి ప్యాకులు పంపేశాం. ఆగస్టులో ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. విప్పి చూస్తే సెల్లులను కాపాడే బీఎంఎస్ బోర్డు మీద, సెల్లుల వోల్టేజీ చూసే సన్నని సెన్సింగ్ తీగల మొదళ్ల దగ్గర పచ్చటి చిలుము. జింక్ క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తడిసిన అవశేషం విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, రాగిని తింటుంది. వానాకాలం దాకా అది కనిపించలేదు, అంతే. కొన్ని ప్యాకుల్లో ఒక సెల్లు మాత్రమే నెమ్మదిగా ఖాళీ అవుతూ వచ్చింది, దానికీ కారణం ఆ అవశేషం గుండా లీకయిన కరెంటే. కడగకుండా పంపడానికి ఒప్పుకున్నది నేనే, ఆ నలభై ప్యాకులూ మా ఖర్చుతో మళ్లీ కట్టాం. తీవ్రమైన ఫ్లక్స్ వాడితే అదే గంటలో కడగాలి, కడగలేని చోట దాన్ని వాడకూడదు. గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి ఒకసారి, తర్వాత డిస్టిల్డ్ నీటితో రెండుసార్లు, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టండి. తుడవడం కడగడం కాదు.

సెల్లుకు వెల్డ్ చేయకముందే పూత వేయమని చెప్పడానికి ఇదొక కారణం. విడి పట్టీని నీళ్లలో ముంచి కడగవచ్చు, సెల్లును ముంచలేరు. రెండో కారణం ఇంకా పెద్దది. లిథియం సెల్లు లోపల రెండు ఎలక్ట్రోడ్లను వేరు చేసే పాలిథిలీన్ పొర దాదాపు 130 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. పాజిటివ్ వైపు మూత చుట్టూ ప్లాస్టిక్ సీలు ఉంటుంది. 350 డిగ్రీల ఐరన్‌ను పది సెకన్లు అక్కడ ఆనిస్తే ఏం జరిగిందో బయటికి కనిపించదు. సెల్లు ఆ రోజు పని చేస్తుంది, ఆరు నెలలకు చెడుతుంది, ఒక్కోసారి అంతకన్నా ప్రమాదమే జరగవచ్చు. సెల్లుకు నేరుగా సోల్డర్ చేయకండి, స్పాట్ వెల్డర్ లేకపోతే ఉన్నవాళ్ల దగ్గర చేయించుకోండి.

ఇక మీ రెండో చుట్ట. నికెల్ పట్టీ పేరుతో అమ్మేవాటిలో నికెల్ పూత వేసిన ఉక్కు చాలా ఉంటుంది, చూడటానికి తేడా తెలియదు. కోఠిలో గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా పరీక్షించకుండా నేను వాడను. చాలామంది అయస్కాంతం పెట్టి, "అంటుకుంది కాబట్టి ఇది ఉక్కు" అని తేల్చేస్తారు. అది తప్పు. నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది.

తేలికైన పరీక్ష ఉప్పునీరు. పట్టీ ముక్కను ఆకురాయితో రెండు వైపులా లోతుగా గీకి, ఒక గ్లాసు నీటిలో రెండు చెంచాల ఉప్పు వేసి, సగం మునిగేలా ఒక రాత్రి ఉంచండి. గీకిన చోట ఎర్రటి తుప్పు కనిపిస్తే ఉక్కు. నికెల్‌కు ఏమీ కాదు. గ్రైండరు ఉంటే ఇంకా త్వరగా తెలుస్తుంది: ఉక్కు అయితే నిప్పురవ్వలు చిమ్ముతుంది, నికెల్ దాదాపు చిమ్మదు.

నాకు ఇష్టమైన పరీక్ష మరొకటుంది. నికెల్ దాదాపు 358 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి స్పందించడం మానేస్తుంది, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. ఇనుముకు ఆ హద్దు 770 డిగ్రీలు, అంటే ఎర్రగా కాలాలి. పట్టీ కొసను పటకారుతో పట్టుకుని గ్యాసు మంటలో ఎర్రబడకుండా వేడి చేసి, వెంటనే స్పీకరులోంచి తీసిన పాత ఫెర్రైట్ అయస్కాంతం దగ్గరికి తీసుకువెళ్లండి. నికెల్ అయితే మొదటి క్షణంలో అసలు పట్టించుకోదు, చల్లారుతూ ఉండగా ఉన్నట్టుండి లాగుతుంది. ఉక్కు మొదటి నుంచే లాగుతుంది. పలచని పట్టీ చాలా త్వరగా చల్లారుతుంది కాబట్టి అయస్కాంతాన్ని మంట పక్కనే సిద్ధంగా ఉంచుకోవాలి, నియోడిమియం రకాన్ని వాడకూడదు, అది వేడికి పాడవుతుంది. ఒకసారి చూస్తే మరిచిపోలేరు.

బెంచి పవర్ సప్లై ఉన్నవాళ్లకు కొలత పద్ధతి ఉంది. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 0.15 మందం ఉన్న పట్టీ గుండా 5 ఆంపియర్లు పంపి, 10 సెంటీమీటర్ల దూరంలో రెండు బిందువుల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. నికెల్ అయితే 30–40 మధ్య ఉంటుంది. ఉక్కు అయితే 60 దగ్గరికి పోతుంది. ఈ అంకె కేవలం గుర్తింపు కోసమే కాదు. మీ ప్యాకులో పట్టీ ఎంత వేడెక్కుతుందో కూడా ఇదే చెబుతుంది. సౌర దీపానికి ఒకటి రెండు ఆంపియర్లే కాబట్టి ఉక్కు పట్టీ ఆ మాత్రం మోయగలదు, కానీ పూత గీరుకుపోయిన అంచుల్లో తుప్పు వస్తుంది. అందుకని ఉక్కు పట్టీని ఎమెరీతో రుద్దేటప్పుడు కూడా జాగ్రత్త: పూత అరిగి ఉక్కు బయటపడితే ఆ చోటంతా సోల్డర్ కిందికి రావాలి.

మీ మాటల్లో ఒక వివరం నా దృష్టిలో పడింది. రెండో చుట్టలో "కొన్నిచోట్ల ముందు పరుచుకుని తర్వాత ముడుచుకుపోతోంది" అన్నారు. అది అసలు పట్టకపోవడం కాదు, వేరే జబ్బు. అసలు పట్టకపోతే కింది లోహం దాని అసలు రంగులోనే కనిపిస్తుంది. పట్టి వెనక్కి పోతే, దాన్ని డీవెట్టింగ్ అంటాం, ఆ చోటంతా పలచని సోల్డర్ పొర మిగిలి, మధ్యలో దిబ్బల్లా ముద్దలు నిలుస్తాయి. మొదటిదానికి మందు ఫ్లక్స్. రెండోదానికి ఫ్లక్స్ ఎంత మార్చినా లాభం ఉండదు. సాధారణంగా పైన ఉన్న సన్నని పూత సోల్డర్‌లో కరిగిపోయి కింద సోల్డర్‌కు లొంగని పొర బయటపడటమో, పూతలోనే మురికి చిక్కుకుని ఉండటమో కారణం. అలాంటి పట్టీని నేనైతే ఆ పని నుంచి తీసేస్తాను.

బంగారు రంగు ప్యాడ్లున్న బోర్డుల్లోనూ ఇదే కథ మరో రూపంలో వస్తుంది. అక్కడ రాగి మీద 3 నుంచి 6 మైక్రాన్ల నికెల్, దాని మీద మైక్రానులో ఇరవయ్యో వంతు బంగారం ఉంటుంది. సోల్డర్ తగలగానే బంగారం కరిగిపోతుంది, నిజమైన అతుకు నికెల్‌తోనే. బంగారం పని ఆ రోజు దాకా నికెల్‌ను గాలి నుంచి కాపాడటం. తయారీలో బంగారం ఎక్కించే ద్రావణం నికెల్‌ను అతిగా తినేస్తే కింద ఫాస్ఫరస్ ఎక్కువైన నల్లటి పొర మిగులుతుంది, బ్లాక్ ప్యాడ్ అంటారు. అప్పుడు సోల్డర్ చూడటానికి పట్టినట్టే ఉంటుంది, చిన్న దెబ్బకు పెళుసుగా ఊడి వచ్చి కింద నల్లటి మరక కనిపిస్తుంది. మాకు ఒకసారి అలాంటి బోర్డులు వచ్చాయి. కనెక్టర్లు చేత్తో పీకితే వచ్చేశాయి. దానికి చేతి సోల్డరింగ్‌లో మందు లేదు, బోర్డులు వెనక్కి పంపడమే.

మరి నికెల్ ఉన్న మిశ్రలోహాలన్నీ ఇలాగే మొండికేస్తాయా అంటే, లేదు. మన ఇళ్లలో జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణలు, పూజ పళ్లేలు ఉంటాయి కదా. పేరులో తప్ప అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిసిన లోహం అది. ఎలక్ట్రానిక్స్‌లో షీల్డు డబ్బాలు దానితోనే చేస్తారు, మామూలు రోజిన్‌తో హాయిగా సోల్డర్ పడుతుంది. రాగి 55, నికెల్ 45 పాళ్లుండే కాన్‌స్టంటాన్ తీగ కూడా అంతే. రాగి పాలు ఉన్నంతవరకు తగరానికి దారి దొరుకుతుంది.

క్రోమియం చేరిందా, లెక్క మారిపోతుంది. మీ నిక్రోమ్ తీగలో దాదాపు 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ క్రోమియమే కాపలా. క్రోమియం ఆక్సైడ్‌ను ఏ రోజిన్ ఫ్లక్సూ కదిలించలేదు. గీకినా క్షణాల్లో మళ్లీ వస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం వేస్తే రెండింటికీ సోల్డర్ పడుతుంది, నేను చేతి తొడుగులు, కళ్లద్దాలు వేసుకుని కిటికీ తెరిచి చేసి చూశాను, అతుకు బాగానే ఉంటుంది. కానీ మీ అవసరం థర్మోకోల్ కోయడం. ఆ తీగ పనిలో ఉన్నప్పుడు రెండు మూడు వందల డిగ్రీలకు చేరవచ్చు. 60/40 సోల్డర్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) 183 దగ్గరే మెత్తబడుతుంది. సోల్డర్ పట్టినా నిలవదు. ఇత్తడి స్క్రూ, రెండు వాషర్ల మధ్య బిగింపు, అదీ తీగకు స్ప్రింగు లాగుడు ఇచ్చి. వేడికి తీగ సాగుతుంది, స్ప్రింగు లేకపోతే వదులై వంకరగా కోస్తుంది. తీగ నిక్రోమ్ కాక ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంతాల్ రకమైతే ఫాస్ఫారిక్ ఆమ్లంతో కూడా ఆశ పెట్టుకోకండి, దాని మీద అల్యూమినా పొర ఉంటుంది.

పాత సామాను కొనేవాళ్లకు ఒక మాట. పాత ఐసీల కాళ్లు కొన్ని ఇనుములో 42 శాతం నికెల్ కలిసిన లోహంతో ఉంటాయి, మీద తగరం పూత. పూత అరిగి బూడిద రంగు కనిపిస్తే సోల్డర్ పట్టదు. వాటిని ఎమెరీతో రుద్దితే కాలు విరుగుతుంది. గాజు పీచు పెన్నుతో గీకి, ఒక్కొక్క కాలికీ విడిగా పూత వేసుకుని ఆ తర్వాత బోర్డులో పెట్టండి.

సోల్డర్ తీగ ఏదన్నది కూడా తేడా చేస్తుంది. సీసం ఉన్న 63/37 సరిగ్గా 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, బాగా తడుపుతుంది. సీసం లేని తగరం-వెండి-రాగి రకం 217 దగ్గర మొదలవుతుంది, తలతన్యత ఎక్కువ కాబట్టి ముడుచుకునే గుణం ఎక్కువ. 2006 జులై నుంచి యూరప్‌లో ఎలక్ట్రానిక్స్‌కు సీసం మీద ఆంక్షలు వచ్చాక ఎగుమతి పనుల్లో మేము ఆ మార్పును చేతులతో అనుభవించాం: అదే నికెల్ టెర్మినల్, అదే మనిషి, పట్టే సమయం పెరిగింది. ఎగుమతి లేదు కాబట్టి నేర్చుకునేటప్పుడు 63/37 తో చేయండి, పొగ పీల్చకండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగకుండా అన్నం ముట్టకండి.

పూత వేయడంలో చేతి పద్ధతి ఇది. పట్టీని చెక్క మీద టేపుతో బిగించండి. రుద్ది, తుడిచాక వేలు తగలనివ్వకండి. ఫ్లక్స్ ఒక చుక్క. మొన మీద కొంచెం సోల్డర్ తీసుకుని మొన చదును భాగాన్ని పట్టీకి ఆనించి, ఫ్లక్స్ బుసబుసమన్నాక సోల్డర్ తీగను మొనకు కాదు, మొన పక్కన పట్టీకి తాకించండి. మొనను మెల్లగా ముందుకీ వెనక్కీ రుద్దండి. ఆ రాపిడి కూడా పైపొరను చీలుస్తుంది. మూడు నాలుగు సెకన్లలో పూత పరుచుకోవాలి. పరుచుకోకపోతే ఆపేయండి, చల్లార్చి, కడిగి, మళ్లీ రుద్దడం నుంచి మొదలుపెట్టండి. మాడిన ఫ్లక్స్ మీద ఇంకా సోల్డర్ పోయడం వల్ల ఒరిగేది లేదు.

చల్లారాక తీగను ప్లయర్‌తో పట్టుకుని పట్టీ నుంచి ఒలిచినట్టు లాగండి. ముద్ద మొత్తం ఊడి వచ్చి కింద మెరిసే నికెల్ కనిపిస్తే అది అతుకు కాదు, ఆనుకుని ఉంది, అంతే. తీగ పోగులు తెగినా, పట్టీ వంగినా, సోల్డర్ చీలి పట్టీ మీద తెల్లటి పొర మిగిలినా బాగా కలిసినట్టు. ప్రతి కొత్త చుట్టలోంచి మూడు ముక్కలకు ఈ పరీక్ష చేసి గాని నేను ప్యాకు మొదలుపెట్టను.

ఈ రాత్రికి రెండు చుట్టల నుంచీ ఒక్కో ముక్క గీకి ఉప్పునీటిలో వేసి పడుకోండి. పొద్దున రెండో ముక్క ఎర్రబడి ఉంటే ఆ చుట్టను తిరిగి ఇచ్చేయండి. ఎర్రబడకపోతే పైన చెప్పిన వరుసలో పూత వేసి, లాగుడు పరీక్ష చేసి, ఊడిన చోటు ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. అంచు స్పష్టంగా కనిపించేలా పక్క నుంచి వెలుతురు పడేట్టు తీస్తే, పట్టలేదా, పట్టి వెనక్కి పోయిందా అన్నది చూసి చెప్పగలను.